గారె చిల్లులోంచి కనిపించిన గుడి

ఈ పొద్దున బందరులో మంచు ఎంత దట్టంగా పట్టిందంటే, పాలు పోసే అతను మా గేటు దాటిపోయి పక్కింటి గేటు తట్టి, వాళ్ళ చేత చీవాట్లు తిని వెనక్కి వచ్చాడు. నేను గారెలకి మినప్పిండి రుబ్బుతూ టీవీ పెట్టాను. ఎక్కడో ఉత్తరాదిన చిన్న విమానం ఒకటి పొలాల్లో కూలిపోయిందట. అందులో ఉన్న ఇద్దరూ పోయారట. విరిగిన రెక్క చెరకుతోటలో నిలువుగా గుచ్చుకుని ఉంటే, దాన్నే తిప్పి తిప్పి చూపిస్తున్నారు. పెరుగు తోడు కోసం వచ్చిన పక్కింటావిడ గిన్నె చేత్తో పట్టుకుని నిలబడిపోయి, "ఇంజన్ ఆగిపోయుంటదండీ, పాపం" అంది. "ఇంజన్ కాదండీ, ఎవరో తొందరపెట్టి ఉంటారు" అనబోయి ఆగిపోయాను. ఏళ్ళ తరబడి నర్సుగా చేసినదాన్ని, పోయినవాళ్ళ గురించి తెలియకుండా మాట్లాడటం నాకు నచ్చదు. పైగా అది నా మాట కాదు, మా బావ మాట. ఆ బావే ఇవాళ అక్కని తీసుకుని గుడివాడ నుంచి కారులో మా ఇంటికి టిఫినుకి వస్తున్నాడు. ఈ పిండి రుబ్బుతున్నది బావ కోసమే.

మా అక్క మొగుడు విమానం నడపడం నేర్పే మాస్టారు. పెద్ద పెద్ద విమానాలు కావు. ఇద్దరో నలుగురో పట్టేవి, ముక్కు మీద ఫ్యాన్ తిరిగేవి. సంబంధం కుదిరినప్పుడు మా నాన్న "పైలట్ అల్లుడు" అని కనపడినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు గానీ, మొదటిసారి ఆ విమానం ఫొటో చూసి మా అమ్మ, "ఇదేంటి, ఆటోకి రెక్కలు కట్టినట్టుంది" అని మొహం చిన్నబుచ్చుకుంది. పైలట్ అంటే తెగువ ఉన్న మనిషనుకుంటారు. మా బావంత పిరికివాడు కృష్ణా జిల్లా మొత్తం వెతికినా దొరకడు. పడుకునే ముందు వంటింట్లో గ్యాసు కట్టారో లేదో తనే వెళ్ళి చూసుకుంటాడు. బస్సు పూర్తిగా ఆగితే తప్ప మెట్టు దిగడు. ఒకసారి అవనిగడ్డలో అలాగే, బస్సు ఆగిందా లేదా అని చూసుకుంటూ ఉండగానే అది కదిలిపోయి, తర్వాతి స్టాపులో దిగి ఆటోలో వెనక్కి వచ్చాడు. మరదళ్ళందరం పడీ పడీ నవ్వాం. "నవ్వండమ్మాయ్, నవ్వండి. నాతో పాటు నేర్చుకున్న ధైర్యవంతులు కొందరి ఫొటోలకి దండలేసి ఉన్నాయి" అన్నాడు.

భోజనానికి కూర్చుంటే బావకి ఇంకో కబురు ఉండేది కాదు. చిన్న విమానాలు ఎందుకు కూలతాయో, అందులో మనుషులు ఎందుకు పోతారో పప్పులో నెయ్యి కలుపుకుంటూ చెప్పేవాడు. "విమానం దానంతటది పడేది తక్కువమ్మాయ్. ఎక్కువసార్లు మనిషే పడేస్తాడు." పెట్రోలు ముల్లు సగం చూపిస్తోంది కదా అని, ట్యాంకు మూత తీసి చూడకుండా ఎక్కేవాడు ఒకడు. మిట్టమధ్యాహ్నం ఎండలో, మొయ్యలేనంత బరువేసుకుని లేవబోయి రన్‌వే చివరున్న చెట్లకి కొట్టుకునేవాడు ఇంకొకడు. అందరికంటే వెర్రివాడు చుట్టాల ఇంటి మీద చక్కర్లు కొట్టేవాడట. డాబా ఎక్కి మేనత్త చెయ్యూపుతుంటుంది. వీడు ఆవిడ మొహం చూద్దామని కిందికి దిగుతాడు, వేగం తగ్గిస్తాడు, కిందికే చూస్తూ గట్టిగా మలుపు తిప్పుతాడు. ఇది చెప్పేటప్పుడు బావ చెంచాని పళ్ళెం మీద ఏటవాలుగా తిప్పి చూపించేవాడు. ఆ మలుపులో రెక్కకి గాలి పట్టు తప్పుతుంది, ఒక పక్కకి వాలిపోతుంది, తేరుకుందామంటే కింద చోటుండదు. చెంచా పప్పులో పడేది. "మేనత్త చెయ్యి ఇంకా పైకే ఉంటుంది" అనేవాడు. అన్నం దగ్గర ఈ చావు కబుర్లేంటని అక్క విసుక్కునేది.

మంచు సంగతి మాత్రం ఒక క్రిస్మస్ మర్నాడు మా ఇంట్లో గారెలు తింటూ చెప్పాడు. నేలని చూసుకుంటూ నడపడం అలవాటైనవాడు మబ్బులోనో మంచులోనో దూరితే, కాసేపటికే ఏది పైనో ఏది కిందో తెలియదట. చెవిలో ఉండే తూకం అబద్ధం చెబుతుంది. తిన్నగా పోతున్నాననే అనుకుంటాడు, విమానమేమో పక్కకి ఒరిగి చుట్లు తిరుగుతూ కిందికి జారుతుంటుంది. ఎదురుగా మీటర్లు నిజం చెబుతున్నా నమ్మబుద్ధి కాదు. "అంతేగా, మంచులోకి వెళ్ళకపోతే సరిపోయె" అన్నాను. బావ ఒక గారె తీసి కంటికి అడ్డం పెట్టుకుని, చిల్లులోంచి నన్ను చూశాడు. "కావాలని ఎవరెళ్తారమ్మాయ్? పైనుంచి చూస్తే నేలంతా తెల్లగా పరుచుకుని ఉంటది. మధ్యలో ఇదిగో, ఇలాంటి చిల్లు. అందులోంచి మన ఊరు, మన ఇల్లు శుభ్రంగా కనపడతాయి. తోవ దొరికిందనుకుని దిగుతాడు. సగం దిగేలోపు..." అంటూ గారెని రెండు ముక్కలు చేసి నమిలి మింగేశాడు. ఇక చిల్లేది? పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఆ పండక్కి మళ్ళీ గారె తినబుద్ధి కాలేదు.

నాగాయలంక దాటి సముద్రం వైపు పోతే రొయ్యల చెరువుల మధ్య ఉంటుంది బావ వాళ్ళ ఊరు. అక్కడి గుడిని, అంటే చర్చిని, ఉప్పెన తర్వాత బావ తండ్రి మిగిలినవాళ్ళని కూడగట్టి కట్టించారు. ఇటుకలు తనూ మోశారట. ఆయన పోయాక గోడలు చెమ్మెక్కి, కప్పు కారడం మొదలైతే, ఊరివాళ్ళు బాగుచేసి, కొత్తగా గోపురం లేపి, దాని మీద శిలువ నిలబెట్టారు. డిసెంబరులో ప్రతిష్ఠ పండగ పెట్టుకున్నారు. సంఘానికి పెద్ద అయినాయనకి చుట్టూ చెరువులున్నాయి. మంచి మనిషి. చెయ్యి పెద్దది, గొంతు అంతకంటే పెద్దది. బావ ఆయన్ని బాబాయ్ అంటాడు గనక మేమూ బాబాయ్‌గారనే అనేవాళ్ళం. అంతకు ముందు ఏడాది పక్క మండలంలో ఎవరో తమ పండక్కి హెలికాప్టర్ తెప్పించి పూలు చల్లించారు. అప్పటి నుంచి బాబాయ్‌గారికి నిద్ర లేదు. "వాళ్ళు అద్దెకి తెచ్చుకున్నారు. మనకి సొంత పైలట్ ఉన్నాడు. గుడి కట్టినాయన కొడుకు. పూలు మనోడే చల్లాలి" అని పట్టుబట్టాడు.

చుట్టాల ఇంటి మీద చక్కర్లు కొట్టేవాళ్ళని అన్నేసి మాటలనే బావ ఒప్పుకుంటాడని నేననుకోలేదు. ఒప్పుకున్నాడు. తండ్రి పేరెత్తితే బావ కరిగిపోతాడు. బావ దగ్గర నేర్చుకున్న ఒక వ్యాపారస్తుడు నలుగురు పట్టే తన విమానాన్ని ఆ ఒక్క పొద్దుటికి ఇస్తానన్నాడు. కావలసిన అనుమతులన్నీ వచ్చాయి. బావ షరతులు పెట్టాడు. ఎత్తులోనే తిన్నగా వెళ్ళిపోతాడు. చక్కర్లు కొట్టడు. ఎవరి మొహమూ చూడడు. పూలరెక్కలు వెనక సీట్లో కూర్చున్న స్నేహితుడు వదులుతాడు. మంచుంటే రానే రాడు. ఆఖరి షరతు మాత్రం బాబాయ్‌గారి చెయ్యి పట్టుకుని చెప్పాడు. "నేను రానంటే ఎందుకని అడక్కూడదు బాబాయ్." "చీ చీ, నేనడుగుతానా?" అన్నాడాయన. బావ తల్లి, మా అత్తయ్య, ఈ మాటలు జరుగుతున్నంతసేపూ పక్కన కూర్చుని చేపలు బాగుచేస్తోంది. స్త్రీల సమాజానికి ఆవిడే అధ్యక్షురాలు, ఎవరి ముందూ జంకని నోరు. ఆ రోజు మాత్రం ఒక్క మాటా అనలేదు.

పండగనాడు తెల్లవారేసరికి మంచు. ఇవాళ్టిది దాని ముందు ఏ మూలకీ రాదు. పందిట్లో కుర్చీలు తడిసిపోయాయి. తెల్ల చీరల్లో ఆడవాళ్ళు ఒక్కొక్కరే మంచులోంచి ఊడిపడ్డట్టు వచ్చి కూర్చుంటున్నారు. గోపురం ఉందన్న సంగతి తెలిసినవాళ్ళకే తెలుసు, కంటికి కనపడదు. చుట్టూ చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు ఒకటే హోరు. అలాంటి పొద్దుల్లో అవి ఆగితే రొయ్య చచ్చి తేలిపోతుంది. బావ ముందురోజే రన్‌వే ఉన్న చోటికి వెళ్ళిపోయాడు. గుడి దగ్గర వాతావరణం ఎలా ఉందో చెప్పే పని నాకు అప్పగించాడు. "నువ్వు నర్సువి. రోగి ఎలా ఉంటే అలాగే చెప్తావు. మా వాళ్ళయితే చచ్చినవాణ్ణి కూడా బతికున్నాడంటారు" అన్నాడు. చెప్పినట్టే ఫోన్ చేశాడు. "ఇక్కడ ఎండొచ్చిందమ్మాయ్. అక్కడెట్లా ఉంది?" పందిరి గుంజ పక్కన నిలబడితే గోపురం కనపడటం లేదని చెప్పాను. "అయితే రాను" అన్నాడు. అంతే. నాకు ప్రాణం హాయిగా అనిపించింది.

కానీ బాబాయ్‌గారు పక్కనే ఉన్నాడు. ఫోన్ నా చేతిలోంచి ఎలా తీసుకున్నాడో కూడా గుర్తు లేదు. "ఎందుకని నేనడగట్లేదబ్బాయ్. మాటిచ్చాను. కాకపోతే చుట్టుపక్కల ఊళ్ళ జనమంతా వచ్చి కూర్చున్నారు. మీ నాన్న గుడి. మీ అమ్మ ముందు వరసలో కూర్చుంది. పొద్దెక్కితే అదే విడిపోద్ది. కాసేపు చూడు, అంతకంటే నేనేమీ అనను." ఆయన నిజంగానే ఎందుకని అడగలేదు. "సరే బాబాయ్, కాసేపు చూస్తాను" అన్నాడు బావ. అక్క నా మోచెయ్యి పట్టుకుంది. "రాను అన్నప్పుడు ఆయన మాట ఆయనదే. కాసేపు చూస్తానన్నారంటే మనసులో బయల్దేరినట్టేనే" అంది. ఇన్నేళ్ళ కాపురంలో బావ గురించి అక్క చెప్పింది తప్పు కావడం నేను చూడలేదు.

ఇక్కడే మావాళ్ళు మాత్రమే చేయగలిగిన పని చేశారు. ఇంకెవరైనా అయితే కాఫీలు తాగుతూ ఎండ కోసం కూర్చునేవాళ్ళు. పాస్టరుగారు లేచి, మంచు విడిపోవాలని ప్రార్థన చేద్దాం, అందరూ కళ్ళు మూసుకోండి అన్నారు. సంఘమంతా లేచి నిలబడింది. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు గొంతెత్తి ప్రార్థించారు. బాబాయ్‌గారు మైకు తీసుకుని, సముద్రాన్ని రెండుగా చేసినవాడికి ఈ కాస్త మంచు ఒక లెక్కా అని దేవుణ్ణి దాదాపు గద్దించాడు. ఆయన కళ్ళలో నీళ్ళు నిజమైనవి, అందులో నటన లేదు. "ఆమెన్" అని కళ్ళు తెరిచాం. సరిగ్గా గుడి మీద, తెల్లటి కప్పులో ఒక ముక్క తీసేసినట్టు, నీలంగా ఆకాశం కనిపించింది. ఎండ వచ్చి శిలువ మీద పడింది. శిలువ తళతళమంది. చుట్టూ చూస్తే చెరువుగట్లు లేవు, కొబ్బరిచెట్లు లేవు, అంతా తెలుపే. నడినెత్తిన మాత్రం నీలపు చిల్లు. జనం స్తోత్రం స్తోత్రం అని ఒకటే కేకలు. నేను నా ఫోన్ కోసం చుట్టూ చూశాను.

బాబాయ్‌గారు అప్పటికే ఫోన్‌లో అరుస్తున్నాడు. "గుడి మీద నీలంగా విడిపోయిందబ్బాయ్! శిలువ మెరుస్తోంది! దేవుడు దారి చేశాడు, వచ్చెయ్!" నేను జనాన్ని తోసుకుంటూ వెళ్ళి ఫోన్ లాక్కుని, "బావా, గారె! గారె చిల్లు బావా!" అని అరిచాను. అవతల ఎవరూ లేరు. బయల్దేరుతున్నానని చెప్పి పెట్టేశాడట. మళ్ళీ చేస్తే స్విచాఫ్. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే. చుట్టూ ఉన్నవాళ్ళు నన్ను వింతగా చూస్తున్నారు. పండగపూట గారెలేంటని ఒకావిడ పక్కావిడని అడగడం నాకు వినిపించింది.

అత్తయ్య నా దగ్గరికి వచ్చింది. "చిల్లంటే ఏంటమ్మాయ్?" అని మెల్లగా అడిగింది. బావ నాకు చెప్పిందంతా ఆవిడకి చెప్పాను. పైనుంచి గుడి కనపడుతుందని, దిగుతాడని, దిగేలోపు మూసుకుపోతుందని, ఇక ఆ తెలుపులో ఏది పైనో ఏది కిందో తెలియదని. "ఆడొచ్చేలోపే మూసుకుపోతే?" అంది. అప్పుడు కింద ఊరే కనపడదు, వెనక్కి తిరిగి ఎండ ఉన్నచోటికి పోతాడు అన్నాను. అత్తయ్య ఇంకేమీ అడగలేదు. చీర కొంగు నెత్తి మీదికి లాక్కుని, తిన్నగా మైకు దగ్గరికి నడిచి, బాబాయ్‌గారి చేతిలోంచి దాన్ని తీసుకుంది.

"దేవా, వీళ్ళందరూ మంచు తియ్యమన్నారు. నేనొక్కదాన్నే వద్దంటున్నాను. ఆ చిల్లు పూడ్చెయ్యి. నా కొడుకు వచ్చేలోపు పూడ్చెయ్యి. ఆడికి ఈ గుడి కనపడనియ్యకు, ఈ జనం కనపడనియ్యకు, నేను కనపడనియ్యకు. పూలు పడకపోతే నీకు తక్కువైందేం లేదు. ఆమెన్."

అంతమందిలో మళ్ళీ "ఆమెన్" అన్నది మా అక్క ఒక్కతే. అదీ గట్టిగానే. "ఏంటి వదినా ఆ మాట! సంఘమంతా ఒకటి అడిగితే నువ్వొక్కదానివి దానికి అడ్డం అడుగుతావా?" అని బాబాయ్‌గారు ఆవిడ మీదికి వచ్చాడు. "నా కొడుకురా, నేను అడుగుతాను" అంది అత్తయ్య. పాస్టరుగారు ఎటు మాట్లాడాలో తెలియక కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. నేను పైకి చూశాను. చిల్లు అలాగే ఉంది. ఇంకాస్త పెద్దదైనట్టు కూడా అనిపించింది.

అరగంట గడిచిందో లేదో, విమానం చప్పుడు వినిపించింది. జనమంతా పందిరి కింది నుంచి బయటికి పరుగెత్తారు. చప్పుడు మంచు పైన ఎక్కడో, పడమటి నుంచి వచ్చి, మమ్మల్ని దాటిపోయి, మళ్ళీ తిరిగింది. తిరగనని షరతు పెట్టిన మనిషి తిరుగుతున్నాడు. పిల్లా పెద్దా చేతులెత్తి ఊపుతున్నారు, బాబాయ్‌గారు కండువా తీసి ఊపుతున్నాడు. అందరి మధ్యా అత్తయ్య రెండు చేతులూ కొంగులో చుట్టి పొట్టకి అదుముకుని నిలబడింది. పొరపాటున కూడా చెయ్యి పైకి లేవకూడదని. ఒక్క క్షణం ఆ నీలంలో తెల్లటి రెక్క ఒరిగి కనపడి, పోయింది. ఉన్నట్టుండి చప్పుడు తగ్గింది. "ఇంజన్ తగ్గించారు, దిగుతున్నారు" అంది అక్క నా చెవిలో. నేను శిలువ వైపు చూశాను. శిలువ సగమే ఉంది. చూస్తుండగానే ఆ సగమూ లేదు. ఎండ ఆరిపోయింది, తెలుపు మా మొహాల మీదికి దిగింది, ఎదురుగా ఉన్న అత్తయ్య చీర మడతలు కూడా మసకబారాయి. ఆ తెలుపులో మా నెత్తి మీదే, చేత్తో అందుకోవచ్చన్నంత దగ్గరలో, ఇంజన్ ఒక్కసారి గర్జించింది. ఎవరో పిల్ల కెవ్వుమంది. ఆ గర్జన సముద్రం వైపు పోయి, ఏరేటర్ల హోరులో కలిసిపోయింది.

ఆగిందా? దూరమైందా? పడిందా? ఏరేటర్ల హోరులో ఏదీ తెలియదు. "మోటార్లు ఆపండ్రా! అన్నీ ఆపండి!" అని బాబాయ్‌గారు చెరువుల వైపు పరుగెత్తాడు. ఆ మంచులో, ఆ వేళప్పుడు మోటార్లు ఆపడమంటే ఏంటో ఆ జనంలో ప్రతివాళ్ళకీ తెలుసు. ఒక్కొక్కటే ఆగాయి. ఆఖరిది కూడా ఆగాక, ఆ లంకలో అంత నిశ్శబ్దం నేను అంతకు ముందు వినలేదు, తర్వాతా వినలేదు. అందరం నోళ్ళు తెరుచుకుని, ఊపిరి బిగబట్టి విన్నాం. ఏమీ లేదు. మంచు ఆకుల మీంచి బొట్లు బొట్లుగా కారుతున్న చప్పుడు, అంతే. చాలాసేపటికి ఎవరో వచ్చి చెబితే గానీ బాబాయ్‌గారు మోటార్లు మళ్ళీ వెయ్యనివ్వలేదు.

ఆపరేషను థియేటరు తలుపు బయట కూర్చున్న మనుషుల్ని నేను జీవితమంతా చూశాను. "ఏం కాదమ్మా, కంగారు పడకండి" అని ఎంతమందికి చెప్పానో. ఆ పొద్దున ఆ మాట అక్కతో అనడానికి నా నోరు రాలేదు. అది పూలబుట్ట ఒళ్ళో పెట్టుకుని, ఒక బంతిపువ్వు రెక్కలన్నీ తుంచి మళ్ళీ బుట్టలోనే వేస్తోంది. అత్తయ్య గుడి మెట్టు మీద కూర్చుంది. చేతులు ఇంకా కొంగులోనే ఉన్నాయి. నేను ఫోన్ చేస్తూనే ఉన్నాను. కొందరు మోటారు సైకిళ్ళ మీద సముద్రం వైపు బయల్దేరారు. పాస్టరుగారు ప్రార్థన చేద్దామా అని అడిగితే, ఏమని చెయ్యాలో ఎవరికీ తోచలేదు. కాసేపటికి మంచు మామూలుగా, ఏమీ ఎరగనట్టు, చెరువుల మీంచి లేచిపోయింది. ఎండ కాసింది. ఆకాశమంతా నీలం. ఎటు చూసినా విమానం లేదు. నాకు ఆ ఎండని చూస్తే అసహ్యం వేసింది.

ఫోన్ మోగింది. "దిగానమ్మాయ్. ఇద్దరం వెనక్కొచ్చి దిగాం" అన్నాడు బావ. ఆ గొంతు బావది కాదనిపించింది. నేను "దిగాడు" అని అరిచానట, నాకు తెలియదు. అక్క బుట్ట వదిలేసి అక్కడే కూలబడి ఏడ్చింది. బాబాయ్‌గారు గోడ వైపు తిరిగి కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఫోన్ అత్తయ్యకివ్వబోతే తీసుకోలేదు. కొంగులోంచి చేతులు బయటికి తీసి, కాసేపు వాటిని చూసుకుంది. "జనానికి ఆకలేస్తోంది, వడ్డించమనండి" అని లేచింది.

బావ సాయంత్రం కారులో వచ్చాడు, వాడిపోయిన పూల బస్తాలతో. తల్లి ముందు నిలబడ్డాడు. ఏమంటుందోనని అందరం చూస్తున్నాం. అత్తయ్య బావ చెంపలు రెండు చేతుల్తో పట్టుకుని, "ఈసారి నుంచి తలుపులోంచి రా నాయనా. ఎప్పుడొచ్చినా సరే" అంది. ఆ వాడిన పూలన్నీ గుడి నేల మీదే పోశాం. ఆ తర్వాత ఎవరి ప్రార్థన నెగ్గిందన్న దాని మీద ఊళ్ళో చాలాకాలం వాదులాట నడిచింది. దేవుడు అందరి మాటా విన్నాడు, ముందు తీసి చూపించాడు, తర్వాత మూశాడు అని పాస్టరుగారు ఇద్దరినీ నొప్పించకుండా సర్దారు. బాబాయ్‌గారు మాత్రం ఇక ఎవరినీ "కాసేపు చూడు" అనలేదు. కూతురి పెళ్ళికి మగపెళ్ళివారి బస్సు ఆలస్యమైతే, ఎవరినీ ఫోన్ చెయ్యనివ్వకుండా ఫోన్లన్నీ తన జేబులో వేసుకుని కూర్చున్నాడు.

మర్నాడు బావ మాకు జరిగింది చెప్పాడు. చెంచా తిప్పలేదు, గారె చూపించలేదు. "పైనుంచి గుడి కనపడింది. నాన్న కట్టింది ఇంత చిన్నదా అనిపించింది. పెట్టిన షరతులన్నీ నేనే మర్చిపోయాను. ఇంజన్ తగ్గించి, కిందికి చూస్తూ మలుపు తిప్పాను. ముందు వరసలో అమ్మ ఉంటుందన్నాడు కదా బాబాయ్. ఆవిడ మొహం కనపడుతుందేమోనని." అక్క తల వంచుకుంది. "ఉన్నట్టుండి శిలువ పోయింది. చూడటానికి ఏమీ లేక మీటర్లు చూశాను. వేగం అయిపోవచ్చింది, రెక్క వాలిపోయి ఉంది. నాకు తెలియనే తెలియదు. రెక్కలు సరిచేసి, మీటర్లు తప్ప ఇంకేదీ చూడకుండా పైకి లాగాను. చక్రాల పక్కన కొబ్బరాకులు కనపడ్డాయమ్మాయ్. చిల్లు ఇంకాస్త తెరుచుకుని ఉంటే ఇంకాస్త దిగేవాణ్ణి." అత్తయ్య వంటింట్లో ఉంది. విన్నదో లేదో మాకు తెలియదు. ఆ తర్వాత తన దగ్గర నేర్చుకునేవాళ్ళకి బావ కొత్త కారణం ఒకటి చెప్పేవాడట. పెట్రోలు కంటే, మంచు కంటే ముందు అదే చెప్పేవాడట. కింద ఎవరో మీ కోసం ఎదురుచూస్తున్నారంటే, ఆ పూట ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోండి అని.

అత్తయ్య పోయి చాలా ఏళ్ళయింది. బావ రిటైరయ్యాడు, గడ్డం నెరిసింది, కారు ఇప్పటికీ ఎద్దుబండి కంటే కాస్త వేగంగా నడుపుతాడు. ఈ మంచులో గుడివాడ దాటారో లేదో తెలియదు. పక్కింటావిడ పెరుగు తీసుకుని వెళ్తూ, "ఎంతవరకు వచ్చారో ఒకసారి ఫోన్ చెయ్యకపోయారా?" అంది. ఫోన్ నా చేతిలోనే ఉంది. వేలు పేరు మీదికి పోయింది. ఎంతవరకు వచ్చారు, ఇంకెంతసేపు, చల్లారిపోతున్నాయి అని అడిగే ఆ మాటలన్నీ నా నోటి దాకా వచ్చాయి. ఫోన్ అలమరలో పెట్టి తలుపేశాను. స్టవ్ కట్టేశాను. పిండి మీద తడిగుడ్డ కప్పి, వీధి తలుపు బార్లా తీసి, అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మంచు ఎప్పటికి విడుస్తుందో తెలియదు. మా ఇంట్లో టిఫినుకి వేళ అంటూ లేదు, బావ ఎప్పుడు ఈ తలుపులోంచి వస్తే అదే వేళ.